ఏపీ కాల్‌క్యులస్‌కి నెలే ఉంది: బిట్లు చేయించాలా, రాయించాలా?

ఆస్టిన్ అమ్మ: మా అబ్బాయికి మేలో ఏపీ కాల్‌క్యులస్ బీసీ పరీక్ష. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, ఇక్కడ అమెరికాలో హైస్కూల్ పిల్లలు రాసే కాలేజీ స్థాయి పరీక్ష; కాల్‌క్యులస్‌లో ఏబీ, బీసీ అని రెండుంటే బీసీ పెద్దది. ఎంసెట్‌కి తను చదివినట్టే మావారు వాడితో రోజుకి వంద బిట్లు చేయిస్తున్నారు. టీచరేమో పాత రాత ప్రశ్నలు చెయ్యమంటోంది. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఏది నయమండీ?

శాన్ హోసే నాన్న: మీవారే కరెక్ట్. సగం మార్కులు బిట్లవే. మొదటి 30 బిట్లు కాలిక్యులేటర్ లేకుండా గంటలో అయిపోవాలి, అంటే ఒక్కోదానికి 2 నిమిషాలు. స్పీడ్ లేకపోతే తెలిసినవీ మిగిలిపోతాయి. తప్పుకి మైనస్ కూడా లేదు.

లెక్కల టీచర్: మరి మిగతా సగమో? నేనిక్కడ హైస్కూల్లో కాల్‌క్యులస్ చెప్తాను, అందుకే గట్టిగా అంటున్నా. 2025 నుంచి బిట్లు కంప్యూటర్ మీదికి వెళ్లాయి గానీ, ఆ 6 రాత ప్రశ్నలకి జవాబు ఇప్పటికీ చేత్తోనే రాయాలి. ఒక్కోదానికి 9 పాయింట్లు. డెరివేటివ్ సున్నా అయ్యే చోటు కనుక్కుని 'ఇదే గరిష్ఠం' అని రాస్తే చాలదు. అక్కడ డెరివేటివ్ ప్లస్ నుంచి మైనస్‌కి మారిందని రాయాలి. మీన్ వాల్యూ థీరమ్ వాడేముందు ఫంక్షన్ కంటిన్యువస్, డిఫరెన్షియబుల్ అని చెప్పాలి. పవర్ సిరీస్‌లో అది కన్వర్జ్ అయ్యే ఇంటర్వల్ రెండు చివర్లనీ విడిగా పరీక్షించాలి. బిట్లలో ఇవేవీ రాసే పని లేదు, అందుకే చెయ్యి అలవాటు పడదు. అంకెల జవాబుని సింప్లిఫై చెయ్యకపోయినా పాయింటు పోదు, పిల్లలు దానికే టైమంతా పోస్తారు!

శాన్ హోసే నాన్న: అయితే బిట్లు మానేయమంటారా?

లెక్కల టీచర్: మానొద్దండీ. రోజు విడిచి రోజు 30 చాలు. మిగతా రోజుల్లో, ఈ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డ్ సైట్‌లో ఉచితంగా దొరికే పాత ప్రశ్నలు టైం పెట్టుకుని రాయించండి: కాలిక్యులేటర్‌తో రెండు ప్రశ్నలు అరగంటలో, లేకుండా నాలుగు ప్రశ్నలు ఒక గంటలో. పక్కనే దేనికి ఎన్ని పాయింట్లో చెప్పే స్కోరింగ్ గైడ్‌లైన్లు ఉంటాయి, వాడి పేపర్ వాడే దిద్దుకోవాలి.

ఆస్టిన్ అమ్మ: నిన్న రాత్రి ఒక ప్రశ్న రాయించాను. జవాబులన్నీ కరెక్టే. గైడ్‌లైన్ పెట్టి దిద్దితే 9కి 5 వచ్చాయి. వాళ్ల నాన్న ఆ కాగితం చాలాసేపు చూశారు. ఇవాళ ఆఫీసు నుంచి వస్తూ ఎర్ర పెన్ను కొనుక్కొచ్చారు.