దుబాయ్ నుంచి వచ్చిన ఖర్జూరం సిరప్: షుగర్ ఉన్న నాన్నకి ఇవ్వొచ్చా?

మల్కాజిగిరి వాసి:
మా బాబాయ్ దుబాయ్ నుంచి వస్తూ ఖర్జూరం సిరప్ సీసా తెచ్చాడు. అక్కడ దాన్ని దిబ్స్ అంటారట. సీసా మీద యాంటీఆక్సిడెంట్లు పుష్కలం అని రాసి ఉంది. నాన్నకి 62 ఏళ్లు, పదేళ్లుగా షుగర్, మాత్రలతో నెట్టుకొస్తున్నారు. 'పండురసమే కదరా, పంచదార కాదుగా' అని బాబాయ్ వాదన. రక్తం పడుతుందని అమ్మని కూడా తాగమంటున్నాడు. అమ్మ మాత్రం సీసాని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఇక్కడ ఎవరైనా వాడారా?

బేగంబజార్ రెగ్యులర్:
మీ అమ్మగారికి దండం. పండ్లను నీళ్లలో ఉడికించి, పిండి, వడగట్టి, ఆ నీళ్లని పాకం వచ్చేదాకా మరిగిస్తే అదే దిబ్స్. పిప్పితో పాటు పీచంతా పోతుంది. మిగిలేది చాలావరకు గ్లూకోజు, ఫ్రక్టోజు. నల్లటి రంగు చూసి మందు అనుకుంటారు కానీ బెల్లం పాకానికి చుట్టమే.

టోలిచౌకి భాయ్:
మా ఇంట్లో రంజాన్ నెలంతా ఖర్జూరంతోనే రోజా విడుస్తాం. నాన్నకి షుగర్ ఉందని డాక్టర్‌ని అడిగితే ఒకటి తినండి, షర్బత్ మానేయండి అన్నారు. మేం మూడు తింటుంటే ఆయన ఒక్కదాన్నే నాలుగు ముక్కలు చేసుకుని తింటారు. సిరప్ మా ఇంట్లో ఎవరూ వాడం.

నాచారం ల్యాబ్:
నేను మొక్కల రసాయనాల మీద పనిచేశాను కాబట్టి ఆ 'పుష్కలం' సంగతి చెప్తాను. యాంటీఆక్సిడెంట్లు ఉన్నమాట అబద్ధం కాదు. ఖర్జూరంలో ఫెరులిక్, గాలిక్, కెఫీక్ ఆమ్లాల్లాంటి ఫీనాలిక్ పదార్థాలూ, ఫ్లేవనాయిడ్లూ ఉన్నాయి. ఖర్జూరం సారం ఫ్రీ రాడికల్స్‌ని, అంటే కణాల్ని దెబ్బతీసే హానికరమైన అణువుల్ని, అణచగలదని 2002లోనే గాజునాళికలో చూపించారు. కానీ గాజునాళిక వేరు, మన ఒళ్లు వేరు. మేం చేసే పరీక్షల్లో ఒకటి డీపీపీహెచ్. ఊదారంగు ద్రావణంలో సారం కలిపితే అది పసుపు రంగుకు తిరుగుతుంది, అలా తిరిగితే అందులో యాంటీఆక్సిడెంట్లు ఉన్నట్టు. ఉసిరి వేసినా తిరుగుతుంది, టీ డికాషన్ వేసినా తిరుగుతుంది. అది చూసి గుండెకి మంచిదని లేబుల్ వేస్తే నేను నమ్మను. ఆహారాలకి ఇలాంటి మార్కులేసిన ఓరాక్ పట్టికని అమెరికా వ్యవసాయ శాఖే 2012లో తన సైట్ నుంచి తీసేసింది. ఆ అంకెలకీ ఆరోగ్యానికీ లంకె తేలలేదని, కంపెనీలు దాన్ని ప్రచారానికి వాడుకుంటున్నాయని చెప్పింది.

మనుషుల మీద కూడా చూశారు. 2009లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో పదిమంది ఆరోగ్యవంతులు నాలుగు వారాలు రోజుకి 100 గ్రాముల ఖర్జూరం తిన్నారు. పరగడుపు షుగర్ పెరగలేదు, ట్రైగ్లిజరైడ్లు మెడ్జూల్ రకంతో 8 శాతం, హలావీ రకంతో 15 శాతం తగ్గాయి. వాళ్లు తిన్నది పండు, సిరప్ కాదు. పైగా వాళ్లెవరికీ షుగర్ లేదు.

సైదాబాద్ కోడలు:
రక్తం పడటం గురించి నేను చెప్తాను. రెండో కాన్పు తర్వాత నా హిమోగ్లోబిన్ 8.9. అత్తయ్య మూడు నెలలు పాలల్లో ఖర్జూరం నానబెట్టి ఇచ్చారు. నాలుగు కిలోలు పెరిగాను, హిమోగ్లోబిన్ 9.1 దగ్గరే ఆగింది! తర్వాత ఐరన్ మాత్రలతోనే లేచింది. 100 గ్రాముల మెడ్జూల్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా లేదట. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కలో నా వయసు ఆడవాళ్లకి రోజుకి 29 మిల్లీగ్రాములు కావాలి. ఎన్ని కిలోలు తినాలో మీరే వేసుకోండి. అత్తయ్యని ఏమీ అనను, ప్రేమగా పెట్టారు.

బేగంబజార్ రెగ్యులర్:
జూలైలో బళ్ల మీద గుత్తులుగా ఎర్రవీ పసుపువీ వస్తాయి చూడండి, కచ్ నుంచి. ఎర్రవి కొరికితే నాలుక పట్టేస్తుంది. ఆ వగరులో కూడా ఏమైనా ఉందా నాచారం గారూ?

నాచారం ల్యాబ్:
ఉంది, అది టానిన్. ఫీనాలిక్ పదార్థాల్లో అదీ ఒకటి. కాయ మాగే కొద్దీ టానిన్లు నీళ్లలో కరగని రూపానికి మారిపోతాయి, అందుకే వగరు పోయి తీపి మిగులుతుంది. పచ్చి ఈతకాయ కొరికినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, ఖర్జూరానికి దగ్గరి బంధువే అది.

మల్కాజిగిరి వాసి:
అయితే సిరప్ వద్దు, పండు ఓకే అన్నమాట. ఎన్ని?

నాచారం ల్యాబ్:
అంకె మీ డాక్టర్ చెప్పాలి. నాకు తెలిసింది ఇంత: పెద్ద మెడ్జూల్ ఒక్కదానిలోనే దాదాపు 16 గ్రాముల చక్కెర, అంటే నాలుగు చెంచాలు. 2011లో ఎమిరేట్స్‌లో అయిదు రకాలకి గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక షుగర్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె, కొలిస్తే షుగర్ ఉన్నవాళ్లలోనూ 43 నుంచి 53 మధ్యే వచ్చింది. అంటే షుగర్‌ని మెల్లగానే పెంచుతుంది. మెల్లగా పెంచుతుంది కదా అని డబ్బా ఖాళీ చేయకూడదు. కిడ్నీ సమస్య ఉంటే ముందే అడగండి. 100 గ్రాముల్లో సుమారు 700 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది.

మల్కాజిగిరి వాసి:
పది రోజుల తర్వాత మళ్లీ వచ్చాను. డాక్టర్ ఒక చిన్న పండుకి ఒప్పుకున్నారు, అది కూడా ఒక కప్పు అన్నం తగ్గించి. అలా తిన్న రోజు, రెండు గంటల తర్వాత మీటర్‌లో 164. మధ్యలో ఒక ఆదివారం బాబాయ్ వచ్చి, అమ్మ గుడికెళ్లిన టైం చూసి, నాన్నకి మజ్జిగలో రెండు చెంచాల సిరప్ కలిపి ఇచ్చాడు. ఆరోజు 238. అన్నం కూడా మామూలుగానే తిన్నారు కాబట్టి నేరమంతా సిరప్ మీద వేయలేను. ఇంతకీ బీరువా తాళం బాబాయ్‌కి ఎలా దొరికిందో మా ఇంట్లో ఇంకా విచారణ నడుస్తోంది.

టోలిచౌకి భాయ్:
మిగిలినదాన్ని నువ్వుల ముద్దలో కలిపి రొట్టెతో తినమనండి అన్నా. అరబ్బులు అలాగే తింటారు. నాన్నగారికి మాత్రం వద్దు.

మల్కాజిగిరి వాసి:
అమ్మ నిన్ననే నువ్వులుండలు చేసేసింది భాయ్. ఉండ కట్టడానికి పాకం కుదరలేదని తిట్టుకుంటూ.