కోడి, గుడ్డు కాదు, పెళ్లి, పిచ్చి

సీతమ్మధార నుంచి:
మా ఆఫీసులో ఒక సర్వర్ లేవట్లేదు. డిస్కుల్ని నడిపే స్టోరేజీ కార్డు పనిచేయాలంటే ఫర్మ్‌వేర్ ఫైలు, అంటే ఆ కార్డు లోపల నడిచే ప్రోగ్రాము కావాలి. ఆ ఫైలేమో ఆ కార్డుకి తగిలించిన డిస్కులోనే ఉంది! కొత్తగా చేరిన కుర్రాడు "కోడి ముందా గుడ్డు ముందా అన్నట్టుంది సార్" అన్నాడు. నాకు నచ్చలేదు. కోడి, గుడ్డు ప్రశ్న పుట్టుక గురించి. ఇక్కడున్నది షరతు మీద షరతు. దానికి మనకో సామెత ఉంది: పెళ్లి అయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు.

గాజువాక నుంచి:
సామెత అతికింది గానీ, పిచ్చి మాట ఆఫీసులో అనకండి, కొందరికి నొప్పి. అసలు బలమంతా 'తే గాని'లో ఉంది. ఈ 'గాని' రెండు మాటల్ని విడదీసే 'కానీ' కాదు. దీనికి ముందు 'తే', తర్వాత వ్యతిరేక క్రియ ఉండాలి: తెల్లారితే గాని బస్సు లేదు. ఇంతకీ సర్వర్ ఎలా లేచింది?

సీతమ్మధార నుంచి:
ఫైలుని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో, అంటే సర్వర్ లేచేటప్పుడు మెమరీలోనే విప్పుకునే చిన్న ఫైళ్ల మూటలో పెట్టాం. సర్వర్‌ని లేపే బూట్‌లోడర్ దాన్ని కెర్నెల్‌తో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయతో) పాటే మెమరీలోకి తెస్తుంది కదా, అసలు డిస్కు తెరుచుకోకముందే ఫైలు చేతికందుతుంది.

భీమిలి నుంచి:
బోటు వాళ్ల పద్ధతే. ఐసు, డీజిలు హార్బర్‌లోనే ఎక్కించుకుంటారు, నడిసముద్రంలో ఎవరిస్తారు?

సీతమ్మధార నుంచి:
బాగుంది! ప్రాసెసర్ మైక్రోకోడ్‌ది, అంటే ప్రాసెసర్ లోపలి పనుల్ని నడిపే ఆదేశాలది ఇంకో మెలిక. కొత్త మైక్రోకోడ్ ఎక్కించినా కరెంటు తీస్తే పోతుంది, ప్రతిసారీ మళ్లీ ఎక్కించాల్సిందే. అదీ వీలైనంత తొందరగా, ఎందుకంటే ప్రాసెసర్‌కి ఏమేం వచ్చో కెర్నెల్ మొదట్లోనే చూసుకుంటుంది. లినక్స్‌లో ఈ ముందస్తు లోడింగు 2013లో కెర్నెల్ 3.9 వెర్షన్‌తో వచ్చింది. మైక్రోకోడ్ ఎక్కించే ఆ వేళకి కెర్నెల్ ఇంకా కుదించిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మూట విప్పే దశకి రాదు. అందుకే మైక్రోకోడ్‌ని కుదించకుండా, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌కి ముందు విడిగా అతికిస్తారు.

గాజువాక నుంచి:
అంటే మూటలో కాదు, కొంగున ముడేశారన్నమాట. బస్సు టికెట్ డబ్బులు మా అమ్మమ్మ అలాగే పెట్టుకునేది, సంచీ విప్పితే గాని దొరకని చోట ఎప్పుడూ పెట్టేది కాదు.

సీతమ్మధార నుంచి:
'కొంగుముడి'! మైక్రోకోడ్ ఫైలుకి రేపటి నుంచి మా ఆఫీసులో అదే పేరు.