7.6 జీబీ పెళ్లి వీడియో సగంలో ఆగిపోతోంది, ఆదివారం లోపు దించుకోవాలి, దయచేసి సాయం చేయండి

కోనసీమ_అన్న:

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా ఒకే ఒక్క ఫైల్‌తో కుస్తీ పడుతున్నాను, ఇక నా వల్ల కాక ఇక్కడ అడుగుతున్నాను. ఫిబ్రవరిలో మా చెల్లి పెళ్లి అయింది. ఫొటోగ్రాఫర్ గారు మొత్తం వీడియోని ఒకటే ఎంపీ4 ఫైల్‌గా చేసి లింకు పంపారు, సైజు 7.6 జీబీ. ఆ లింకు ఈ ఆదివారం రాత్రి వరకే పని చేస్తుందట. పెళ్లయిన రెండు నెలలకే మా నానమ్మ పోయింది. ఆవిడ నడుస్తూ, మాట్లాడుతూ ఉన్న వీడియో మా దగ్గర ఇదొక్కటే, అందుకే ఇంత టెన్షన్.

మాది విండోస్ 10 ఉన్న డెస్క్‌టాప్. సీ డ్రైవ్ 120 జీబీ ఎస్‌ఎస్‌డీ, అందులో 11 జీబీ మాత్రమే ఖాళీ. క్రోమ్‌లో మొదట అందులోకే డౌన్‌లోడ్ పెట్టాను. ఒకసారి 1.3 జీబీ దగ్గర ఆగింది, ఇంకోసారి 2.9 దగ్గర, మరోసారి 600 ఎంబీ కూడా దాటలేదు. సీ డ్రైవ్ నిండిపోతే కంప్యూటర్ స్లో అవుతుందని మా బావ చెబితే, బయట తగిలించే 1 టీబీ హార్డ్ డిస్క్‌కి (మాకు ఎఫ్ డ్రైవ్‌గా కనిపిస్తుంది) మార్చాను. అది ఇంకా విచిత్రం. మూడుసార్లూ సరిగ్గా 4 జీబీ దగ్గరే ఫెయిల్ అయింది, డిస్క్‌లో చోటు లేదు అంటోంది. చూస్తే 640 జీబీ ఖాళీగా ఉంది!

నెట్ 40 ఎంబీపీఎస్ ఫైబర్. రూటర్ కింద హాల్లో, కంప్యూటర్ పై గదిలో, చిన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్‌తో నడుస్తోంది. ఫైర్‌ఫాక్స్‌లో ప్రయత్నించాను, బ్రౌజర్ హిస్టరీ అంతా తుడిచాను, కంప్యూటర్ రీస్టార్ట్ చేశాను. ఫొటోగ్రాఫర్ గారిని అడిగితే ఆయన దగ్గర అదే లింకు బాగానే దిగుతోందట. తప్పు ఎక్కడుందో ఎలా తెలుసుకోవాలి?

రిపేర్_బెంచి:

ముందు మీరు ఊపిరి పీల్చుకోండి, ఆదివారం లోపు అయిపోతుంది. మీ పోస్టులో ఒక మంచి పని చేశారు, ఎక్కడెక్కడ ఆగిందో అంకెలు రాశారు. షాపుకి వచ్చే వాళ్లలో పది మందికి తొమ్మిది మంది "డౌన్‌లోడ్ అవ్వట్లేదు" అని ఊరుకుంటారు, ఎక్కడ ఆగిందో అడిగితే గమనించలేదంటారు. నేను మొదట అడిగేది అదే. ప్రతిసారీ ఒకే చోట ఆగితే తప్పు దాదాపుగా మీ డిస్క్‌లోనో ఫైల్‌లోనో ఉంటుంది. ఒక్కోసారి ఒక్కో చోట ఆగితే తప్పు దారిలో, అంటే వైఫై, రూటర్, లైను, కరెంటు వీటిలో ఉంటుంది. మీకు రెండూ కలిపి వచ్చాయి. సీ డ్రైవ్‌కి పెట్టినప్పుడు ఆగింది ఒక జబ్బు, ఎఫ్ డ్రైవ్‌కి పెట్టినప్పుడు ఆగింది వేరే జబ్బు. ఒకటే కారణం అనుకుని వెతికితే రెండూ దొరకవు.

ఎఫ్ డ్రైవ్ సంగతి నేను ఇక్కడి నుంచే చెప్పగలను, అది ఫ్యాట్32లో (డిస్క్ మీద ఫైళ్లను అమర్చే ఒక పాత పద్ధతి) ఫార్మాట్ అయి ఉంటుంది. ఆ పద్ధతి 1996లో విండోస్ 95 రెండో విడతతో వచ్చింది. అందులో ప్రతి ఫైల్ సైజు రాసుకోవడానికి 32 బిట్ల గడి ఒకటే ఉంటుంది. ఆ గడిలో పట్టే పెద్ద సంఖ్య 4,29,49,67,295, అంటే 4 జీబీకి ఒక్క బైటు తక్కువ. డిస్క్‌లో 640 కాదు, 900 జీబీ ఖాళీ ఉన్నా సరే, ఒక్క ఫైల్ అంతకు మించి పెరగడానికి వీల్లేదు. అక్కడికి వచ్చేసరికి విండోస్ "చోటు లేదు" అనేస్తుంది, అందుకే మీకు ఆ మెసేజ్ అర్థం కాలేదు. చోటు ఉంది, ఆ ఫైల్‌కి పెరిగే వీలు లేదు.

సరి చూసుకోవడానికి దిస్ పీసీ తెరిచి ఎఫ్ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ నొక్కండి. ఫైల్ సిస్టమ్ అన్న చోట ఏముందో ఇక్కడ రాయండి. విండోస్ మామూలు ఫార్మాట్ విండోలో 32 జీబీ దాటిన డిస్క్‌కి ఫ్యాట్32 అని చూపించదు కాబట్టి, ఎవరో టీవీలో ఆడడం కోసం వేరే సాఫ్ట్‌వేర్‌తో చేసి ఉంటారు. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి, తొందరపడి ఫార్మాట్ కొట్టకండి. అందులో ఏమున్నాయో ముందు చెప్పండి.

నల్గొండ_నెట్:

బ్రదర్, నాకూ ఒకసారి ఇలాగే అయింది. యాంటీవైరస్ తీసేశాను, వెంటనే పని చేసింది. ట్రై చేయండి. లేదంటే డౌన్‌లోడ్ మేనేజర్ ఏదైనా వేసుకోండి, గూగుల్‌లో కొడితే ఫ్రీవి చాలా వస్తాయి.

లైన్‌మన్_కొడుకు:

పైన చెప్పిన రెండు సలహాలూ ఈ కేసులో వద్దని నా మనవి. యాంటీవైరస్ అడ్డుపడితే సాధారణంగా ఫైల్ మొత్తం దిగాక చివర్లో పట్టుకుంటుంది, లేదా మొదట్లోనే ఆపేస్తుంది. ఒకసారి 600 ఎంబీ, ఒకసారి 2.9 జీబీ అని ఆగదు. అది తీసేసి ఊరుకుంటే ఇంటి కంప్యూటర్‌కి ఉన్న కాపలా పోతుంది. ఇక డౌన్‌లోడ్ మేనేజర్ అని వెతికి కనిపించిన మొదటి లింకు నొక్కడం మరీ ప్రమాదం, ఆ పేజీల్లో పెద్ద పచ్చ బటన్లు చాలావరకు ప్రకటనలే. వేసుకోవాలనుకుంటే దాని అసలు సైటుకి వెళ్లి మాత్రమే వేసుకోండి.

కోనసీమ గారూ, సీ డ్రైవ్‌కి పెట్టినప్పటి జబ్బు సంగతికి వస్తాను. ఆగిన సమయాలు గుర్తున్నాయా? కరెంటు పోయి వచ్చిన టైముకీ దానికీ సంబంధం ఉందేమో చూడండి. చాలా ఇళ్లలో కంప్యూటర్‌కి యూపీఎస్ ఉంటుంది, కింద రూటర్‌కి మాత్రం ఇన్వర్టర్ లైనే. ఇన్వర్టర్‌కి మారే ఆ రెప్పపాటులో కంప్యూటర్ నిలబడుతుంది కానీ రూటర్ ఆఫ్ అయి మళ్లీ లేస్తుంది, లేచి నెట్ పట్టుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. మీకు కరెంటు పోయిందన్న సంగతే తెలియదు, డౌన్‌లోడ్ మాత్రం పోతుంది.

రెండో అనుమానం ఆ డాంగిల్. దీనికి ఒక పరీక్ష ఉంది, ఖర్చు లేదు. స్టార్ట్ మెనూలో సీఎండీ అని కొట్టి ఆ నల్ల కిటికీ తెరవండి. పింగ్ (అవతలి వైపు నుంచి జవాబు వస్తోందా అని అడిగే కమాండ్) అని రాసి, ఖాళీ వదిలి మీ రూటర్ నంబరు (చాలా ఇళ్లలో 192.168.1.1, మీది రూటర్ వెనక స్టిక్కర్ మీద ఉంటుంది), మళ్లీ ఖాళీ వదిలి మైనస్ గుర్తు పక్కనే టీ అక్షరం కొట్టి ఎంటర్ నొక్కండి. ఇంకో నల్ల కిటికీ తెరిచి అదే పని 8.8.8.8తో (ఇది బయట నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్ నంబరు) చేయండి. ఒక అరగంట రెండూ పక్కపక్కన నడవనివ్వండి. రెండింట్లోనూ ఒకేసారి "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" (జవాబు రాలేదు) అని పడితే వైఫై దగ్గరే తెగుతోంది. రూటర్ కిటికీ బాగుండి 8.8.8.8 ఒక్కటే తప్పుతుంటే బయట లైను సమస్య, అప్పుడు నెట్ వాళ్లకి ఫోన్ చేయండి. ఊరికే "నెట్ బాగాలేదు" అని చెబితే వాళ్లు పట్టించుకోరు, ఇన్ని గంటలకి ఇన్నిసార్లు తప్పింది అని చెబితే వింటారు.

ఇంకొకటి, ఆగిపోయిన ప్రతిసారీ మళ్లీ లింకు తెరిచి మొదటి నుంచి పెడుతున్నారని నా అనుమానం. అలా చేయకండి. కంట్రోల్, జే కలిపి నొక్కితే క్రోమ్ డౌన్‌లోడ్ల జాబితా వస్తుంది, ఆగిన దాని దగ్గర రెజ్యూమ్ అని ఉంటే అది నొక్కండి. దిగినంత వరకు క్రోమ్ ఒక సీఆర్‌డౌన్‌లోడ్ ఫైల్‌లో దాచుతుంది (ఫైర్‌ఫాక్స్‌లో అయితే పార్ట్ అని చివర ఉంటుంది), అది చెత్త అనుకుని డిలీట్ చేశారంటే అప్పటిదాకా దిగింది అంతా పోయినట్టే. సర్వర్ ఒప్పుకుంటేనే ఇది సాగుతుంది. ఫలానా బైటు నుంచి ఇవ్వు అని బ్రౌజర్ అడుగుతుంది, సర్వర్‌కి ఆ ఏర్పాటు లేకపోతే సున్నా నుంచే మొదలు. కొన్ని లింకులకి కొన్ని గంటలే ఆయుష్షు ఉంటుంది, ఆ గడువు దాటాక రెజ్యూమ్ నొక్కినా ఫెయిల్ అంటుంది.

కోనసీమ_అన్న:

ఇద్దరికీ చేతులెత్తి దండం. ఎఫ్ డ్రైవ్ ప్రాపర్టీస్‌లో నిజంగానే ఫ్యాట్32 అని ఉంది! నాన్నగారు పాత టీవీలో సినిమాలు చూడడం కోసం రెండేళ్ల క్రితం షాపులో చేయించారట, ఇప్పుడు అడిగితే చెప్పారు. అందులో సినిమాలతో పాటు మా పాత ఫొటోలన్నీ ఉన్నాయి, దాదాపు 40 జీబీ, ఇంకెక్కడా కాపీ లేదు. అందుకే ఫార్మాట్ అంటే భయంగా ఉంది.

పింగ్ పెట్టాను. ఇరవై నిమిషాల్లో రెండు కిటికీల్లోనూ నాలుగుసార్లు తప్పింది, ఒకే క్షణంలో. అంటే డాంగిలే కదా? మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయినప్పుడు చూశాను, మీరు చెప్పినట్టే రూటర్ లైట్లన్నీ ఆరి మళ్లీ వెలిగాయి. అవును, నేను ప్రతిసారీ మొదటి నుంచే పెట్టాను, రెజ్యూమ్ ఉంటుందని తెలియదు.

ఇప్పుడు సీ డ్రైవ్‌లోకి దించి తర్వాత ఎఫ్‌లోకి కాపీ చేసుకోవచ్చా?

రిపేర్_బెంచి:

సీ లోకి దించండి, 11 జీబీ ఖాళీలో 7.6 పోతే మూడు చిల్లర మిగులుతుంది, ఒక రోజుకి ఏం కాదు. రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే ఇంకొంచెం వస్తుంది. కానీ ఎఫ్‌లోకి కాపీ చేయడం మాత్రం కుదరదు, డౌన్‌లోడ్‌ని ఆపిన లెక్కే కాపీని కూడా ఆపుతుంది. "గమ్యస్థానానికి ఫైల్ మరీ పెద్దది" అన్న అర్థం వచ్చే మెసేజ్ ఇస్తుంది.

కాబట్టి నేనైతే ఇలా చేస్తాను. 128 జీబీ పెన్ డ్రైవ్ ఒకటి కొనండి. కొత్తవి కూడా కొన్ని ఫ్యాట్32తోనే వస్తాయి, అందుకని పెట్టగానే ప్రాపర్టీస్ చూసి, అవసరమైతే అది ఖాళీగా ఉన్నప్పుడే ఆ 4 జీబీ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్‌ పద్ధతిలోకి ఫార్మాట్ చేయండి. అందులోకి ముందు మీ ఫొటోలు 40 జీబీ కాపీ చేయండి, తర్వాత వీడియో. ఫొటోలు ఒకే డిస్క్ మీద రెండేళ్లు ఉన్నాయంటే నాకు ఈ డౌన్‌లోడ్ కంటే అదే ఎక్కువ భయమేస్తోంది. అలాంటి డిస్కులు కింద పడేసుకుని ఏడుస్తూ షాపుకి వచ్చిన వాళ్లని చూశాను.

ఫొటోలు భద్రంగా ఇంకో చోట ఉన్నాయని తెరిచి చూసుకున్నాకే ఎఫ్ జోలికి వెళ్లండి. విండోస్‌లో కన్వర్ట్ అనే కమాండ్ ఉంది, అది లోపలి ఫైళ్లు చెరపకుండా ఫ్యాట్32 డిస్క్‌ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి (ఆ 4 జీబీ హద్దు లేని విండోస్ పద్ధతి) మారుస్తుంది. మార్చాక అదే కమాండ్‌తో వెనక్కి రాలేం, మధ్యలో కరెంటు పోకూడదు, పాత టీవీ కొన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్ చదవవు కూడా. నాన్నగారి టీవీ చదువుతుందో లేదో ముందు వేరే చిన్న పెన్ డ్రైవ్‌తో పరీక్షించండి. ఇదంతా ఆదివారం లోపు చేయాల్సిన పని కాదు.

లైన్‌మన్_కొడుకు:

డాంగిల్ పక్కన పెట్టి ఈ ఒక్క రోజుకి కంప్యూటర్‌ని కిందికి దించి రూటర్‌కి కేబుల్‌తో కలపండి. దించడం కష్టమైతే 15, 20 మీటర్ల నెట్‌వర్క్ కేబుల్ మెట్ల మీదుగా లాగేయండి, అందంగా లేకపోయినా పని జరుగుతుంది. 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 5 ఎంబీ (అవి బిట్లు, ఎనిమిదితో భాగించాలి), లైను పూర్తిగా అందితే మీ ఫైల్ దాదాపు 26 నిమిషాల పని. అంటే కరెంటు ఉన్న అరగంట చాలు. మీ ఊళ్లో తెల్లవారుజామున కరెంటు నిలకడగా ఉంటే అప్పుడు పెట్టండి. వీలైతే రూటర్‌కి చిన్న 12 వోల్టుల యూపీఎస్ తీసుకోండి, రూటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులో చూసి మాత్రమే.

దిగాక ప్లే అయింది కదా అని వదిలేయకండి. ఫైల్ ప్రాపర్టీస్‌లో సైజు పక్కన బైట్లలో పూర్తి సంఖ్య ఉంటుంది. ఫొటోగ్రాఫర్ గారి దగ్గర ఉన్న ఫైల్‌లో కూడా అదే చూసి చెప్పమనండి, చివరి అంకె దాకా కలవాలి. వీడియోని మధ్యలో, చివర్లో కూడా జరిపి చూడండి.

కోనసీమ_అన్న:

దిగింది!! శనివారం తెల్లవారుజామున ఐదింటికి లేచి పెట్టాను. కేబుల్ మెట్ల మీదుగా లాగాను, అమ్మ తట్టుకుని పడతారని రెండు చోట్ల టేపు వేశాను. ముప్పై ఒక్క నిమిషాలు పట్టింది, ఎక్కడా ఆగలేదు. ఫొటోగ్రాఫర్ గారికి ఎనిమిదింటికి ఫోన్ చేసి బైట్లు చదివించుకున్నాను, చివరి అంకె వరకు కలిసింది.

పెన్ డ్రైవ్ నిన్ననే తెచ్చాను. మీరన్నట్టే అది ఫ్యాట్32లోనే ఉంది, ఎక్స్‌ఫ్యాట్ చేశాకే ఫొటోలు, వీడియో రెండూ ఎక్కించాను. ఎఫ్ డ్రైవ్ ఇంకా ముట్టుకోలేదు, నాన్నగారి టీవీ సంగతి తేలాక చూస్తాను. ఇంకో పెన్ డ్రైవ్‌లో వీడియో వేసి హైదరాబాద్‌లో ఉన్న పిన్నికి రేపు కొరియర్ చేస్తున్నాను, ఒక కాపీ మా ఇంటి బయట కూడా ఉంటుంది.

వీడియోలో గంటా పన్నెండో నిమిషంలో నానమ్మ కనిపించింది. అక్షింతలు వేసి, చెల్లి గడ్డం పట్టుకుని ఏదో చెప్పింది, బ్యాండు మోతలో మాట సరిగ్గా వినపడలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మూడుసార్లు విన్నాక "మీ తాత ఉంటే ఎంత సంబరపడేవాడో" అన్నదని తెలిసింది. అమ్మని పైకి పిలిచి చూపించాను.