లైవ్ డబుల్ ఆల్బమ్ కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటే చప్పట్లు నీళ్ల చప్పుడులా వస్తున్నాయి

గుణుపురం గిటార్:
డీప్ పర్పుల్ రాక్ బ్యాండు లైవ్ ఆల్బమ్ ‘మేడ్ ఇన్ జపాన్’ రెండు ఎల్పీలూ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. బెల్టు టర్న్‌టేబుల్, ఏటీ 3600ఎల్ కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించే భాగం), దాని సన్నటి సిగ్నల్‌ను పెంచే ఫోనో ప్రీయాంప్, అక్కణ్ణుంచి యూఎస్‌బీ సౌండ్ కార్డు, రికార్డింగ్‌కు ఆడాసిటీ సాఫ్ట్‌వేర్.

గాడుల్లో తెల్లటి బూజు చుక్కలున్నాయి, గుడ్డతో తుడిస్తే పోవడం లేదు. చిటపటలు తీద్దామని ఆడాసిటీలో క్లిక్ రిమూవల్, నాయిస్ రిడక్షన్ రెండూ పెడితే చప్పట్లు నీళ్లలో చేతులాడించినట్టు వినిపిస్తున్నాయి. పాటలు విడగొట్టమంటే రికార్డు ముఖం (ఒక వైపు) మొత్తం ఒకే ముక్కగా వస్తోంది. నాలుగో ముఖం చివర్లో శబ్దం బొంగురుపోతోంది. పైగా వెనకాల సన్నటి ‘గుంయ్’. నాలుగు ముఖాలూ అతుకు తెలియకుండా కలిపి, కచేరీ అంతా ఒక్క బిగిన వినాలని కోరిక. ఎక్కడ మొదలుపెట్టాలంటారు?

పర్లాకిమిడి ఎల్పీ:
ముందు ఆడాసిటీ మూసేయండి. బూజు మీద ముల్లు తిప్పితే ఆ పొడంతా ముల్లు కొనకే చుట్టుకుంటుంది. పొడిగుడ్డతో తుడిస్తే గాడిలోకి ఇంకా దిగుతుంది.

డిస్టిల్డ్ వాటర్ 160 మిల్లీలీటర్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 40, గిన్నెలు తోమే లిక్విడ్ రెండంటే రెండే చుక్కలు. చుక్కలు ఎక్కువైతే సబ్బు పొర గాడిలో ఎండిపోయి కొత్త రొద తెస్తుంది. ఐసోప్రొపైల్‌ను మొబైల్ రిపేరు చేసేవాళ్లు వాడతారు, వాళ్లనడగండి. మందుల షాపులో సర్జికల్ స్పిరిట్ చేతికిస్తే తీసుకోకండి, అది వేరు. బ్యాటరీ నీళ్లు కొంటే సీసా మీద డీమినరలైజ్డ్ అని ఉందో లేదో చూడండి, యాసిడ్ సీసా కూడా అదే అరలో ఉంటుంది. బోరు నీళ్లు వద్దే వద్దు, ఆరాక సున్నం మిగులుతుంది. ఇంట్లో 78 ఆర్‌పీఎం లక్క రికార్డులుంటే వాటికి ఈ నీళ్లు తగలనివ్వకండి, ఆల్కహాల్ లక్కను కరిగించేస్తుంది.

లేబుల్ తడవకుండా దాని మీద ప్లాస్టిక్ మూత బోర్లించండి. నీళ్లు చల్లి రెండు మూడు నిమిషాలు నాననిచ్చి, మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంబడే తుడవండి, అడ్డంగా కాదు. తర్వాత ఇంకో గుడ్డతో ఉత్త డిస్టిల్డ్ వాటర్ పట్టించాలి. చాలామంది ఎగ్గొట్టేది ఇదే. ఎగ్గొడితే వదిలిన బూజు అక్కడే మళ్లీ అంటుకుంటుంది. ప్లేట్ల స్టాండులో నిలబెట్టి ఆరనివ్వండి. వానాకాలం మన వైపు గంటైనా పడుతుంది. తొందరపడి ఎండలో పెట్టారంటే అప్పడంలా వంకర తిరుగుతుంది. అట్టకు మాత్రం అరగంట నీరెండ మంచిదే. పాత లోపలి కవర్లు పారేసి పాలిథిన్ లైనింగు ఉన్నవి వేయండి, లేకపోతే ఇదంతా మళ్లీ మొదటికొస్తుంది.

రెండుసార్లు కడిగినా ఒకే చోట చిటపటంటే బూజు గాడి గోడ మీద మచ్చ వదిలిందన్నమాట. అది ఇక పోదు.

బరంపురం బేస్:
చప్పట్లంటే ఏమిటండీ, వేల టపటపలు. గీత వల్ల వచ్చే టప్‌కీ చేతుల టప్‌కీ అల ఆకారంలో పెద్ద తేడా ఉండదు. క్లిక్ రిమూవల్‌కు ఏది ఏదో తెలీదు, రెండింటినీ కోసేస్తుంది. డ్రమ్మర్ ఇయాన్ పేస్ స్నేర్ డ్రమ్ దెబ్బ మొన కూడా దాంతోపాటే పోతుంది.

నాయిస్ రిడక్షన్ ఇంకా పెద్ద దొంగ. దానికి రొద మాత్రమే ఉన్న ముక్కను నమూనాగా చూపించాలి. స్టూడియో రికార్డులో పాటకీ పాటకీ మధ్య నిశ్శబ్దం దొరుకుతుంది, ఇక్కడ ఆ ఖాళీలో ఉండేది జనమే. మీరు జనం గోలనే నమూనాగా ఇచ్చి ఉంటారు, అది జనాన్నే తుడిచింది. తప్పదనుకుంటే ముల్లు దిగాక సంగీతం మొదలయ్యేలోపు ఉండే ఒకటి రెండు సెకన్ల ఉత్త గాడి చూపించి, తగ్గింపు 6 డెసిబెల్స్ దాటనివ్వకండి. నన్నడిగితే అసలు వాడొద్దు.

క్లిక్ రిమూవల్ (థ్రెషోల్డ్ 200, వెడల్పు 20 అలాగే ఉంచి) ‘చైల్డ్ ఇన్ టైమ్’ మొదట్లో ఆర్గన్ మెల్లగా నడిచే ముక్క ఒక్కటీ సెలెక్ట్ చేసి పెట్టండి. మిగతాచోట్ల చెవికి గుచ్చుకునే టప్‌ని జూమ్ చేసి ‘రిపేర్’ కొట్టండి. రిపేర్ ఒకసారికి 128 శాంపిళ్లే (సెకనులో వేలసార్లు తీసే శబ్దపు కొలతలు) తీసుకుంటుంది. 96 కిలోహెర్ట్జ్‌లో అది 1.3 మిల్లీసెకన్లు, 48లో 2.7. అందుకే ఈ పనికి 24 బిట్, 48 చాలు. నిమిషానికి 17 ఎంబీ, మొత్తం 77 నిమిషాలకు 1.3 జీబీ. రికార్డింగ్ లెవెల్‌ను నాలుగో ముఖంలో ‘స్పేస్ ట్రకిన్’ బాగా హోరెత్తే చోట పెట్టి చూసి, మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆపండి. మెల్లగా ఉన్న చోట లెవెల్ పెడితే తర్వాత అరుపులన్నీ నెత్తిన కోసుకుపోతాయి.

పాటలు విడగొట్టడమూ చేత్తోనే. ఆటోమేటిగ్గా చేసేది నిశ్శబ్దం కోసం వెతుకుతుంది, ఇందులో అదే లేదు. వింటూ కంట్రోల్ ఎమ్‌తో లేబుల్ వేయండి, చప్పట్లు వెనక పాటకే వదిలేసి, తర్వాతి పాట తొలి మోతకు కాస్త ముందు. ఫ్లాక్‌లోకి (నాణ్యత తగ్గని ఫైలు రకం) ఎక్స్‌పోర్ట్ చేయండి. ఎంపీ3 అయితే ఫైలు మొదటా చివరా ఖాళీ చేరి, చప్పట్ల మధ్యలో వెక్కిళ్లు వస్తాయి. సీడీ కాల్చేటట్టైతే 44.1కి మార్చి లేబుళ్లు సీడీ ఫ్రేముల మీద, అంటే సెకనులో 75వ వంతు గీతల మీద, పడేలా చూసుకోండి.

ఇక అతుకు సంగతి. ఇది అసలు ఒక్క కచేరీ కాదు కదా. 1972 ఆగస్టు 15, 16 ఒసాకాలో, 17 టోక్యో బుడోకాన్‌లో సౌండ్ ఇంజనీర్ మార్టిన్ బర్చ్ రికార్డు చేశాడు. ఏడు పాటల్లో ‘స్మోక్ ఆన్ ద వాటర్’ 15వ తేదీది. ‘ద మ్యూల్’, ‘లేజీ’ టోక్యోవి. మిగతా నాలుగూ 16వి. స్టేజి మీద ‘హైవే స్టార్’ తర్వాత ‘స్మోక్’ వాయించేవారు, ఎల్పీలో దాన్ని రెండో ముఖానికి జరిపారు. రెండో ముఖం మధ్యలో హాలు మారినట్టనిపిస్తే నిజంగానే మారింది, మీ రికార్డింగ్ తప్పు కాదు. ముఖం చివర చప్పట్లు తగ్గిపోతే తగ్గిపోనివ్వండి.

గుణుపురం గిటార్:
జనం గోలే చూపించాను, నిజమే. కడిగాను, చిటపట బాగా తగ్గింది. నాలుగో ముఖం బొంగురు, గుంయ్ మాత్రం అలాగే ఉన్నాయి.

రాయగడ రిపేరు:
గుంయ్ ముందు చూద్దాం, సులువు. ల్యాప్‌టాప్ చార్జరు పీకేసి బ్యాటరీ మీద రికార్డు చేయండి, ముఖానికి 20 నిమిషాలే కదా. అప్పుడు పోతే దోషం చార్జరుది. పోకపోతే టోన్‌ఆర్మ్ లోహం మీద వేలు పెట్టండి. వేలు పెట్టగానే తగ్గితే, టర్న్‌టేబుల్ నుంచి ప్రీయాంప్ వెనక స్క్రూకి వెళ్లే ఎర్త్ వైరు లేదు, లేదా వదులైంది. కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడుస్తున్నప్పుడు రికార్డు చేయకండి.

బొంగురుకి కారణం రికార్డు కొలతల్లోనే ఉంది. ఎంత లోపలికి వెళ్లినా తిరిగేది నిమిషానికి 33⅓ చుట్లే. బయటి అంచున గాడి సెకనుకు 51 సెంటీమీటర్లు పరిగెడితే, లేబుల్ దగ్గర 21. అంతే శబ్దం సగానికన్నా తక్కువ జాగాలో ఇరుక్కుంటుంది, గుండ్రటి ముల్లు ఆ మెలికల్లో దూరలేదు. మీది గుండ్రటిదే. ముందు బరువు చూడండి: చిన్న డిజిటల్ కాటా మీద 3 గ్రాములు రావాలి. తక్కువైతే ముల్లు గాడిలో ఎగురుతుంది, రికార్డుకు ఎక్కువ దెబ్బ దానివల్లే. తర్వాత ప్రొట్రాక్టర్ కాయితం (కోణం సరిచూసే గీతలున్న కాగితం) మీద కార్ట్రిడ్జ్ వంకర లేకుండా సర్దండి. అప్పటికీ పోకపోతే అదే కార్ట్రిడ్జ్‌కు ఎలిప్టికల్ (కోలగా చెక్కిన) ముల్లు మార్చండి. దాంతోనూ అదే చోట బొంగురుంటే పాత బరువైన ప్లేయరు గాడిని గీకేసిందని అర్థం.

ముల్లు కొనేముందు ఆ ముక్కే స్ట్రీమింగ్‌లో ఒకసారి వినండి. బ్యాండులో కీబోర్డు వాయించే జాన్ లార్డ్ హామండ్ ఆర్గన్‌ను మార్షల్ యాంప్‌లోంచి కావాలనే చించి వాయించేవాడు. ఆ బొంగురు బాపతైతే మందు లేదు.

పర్లాకిమిడి ఎల్పీ:
ఫైళ్లకు పేర్లు పెట్టేముందు లేబుళ్లు చూడండి. ఆటో చేంజర్ల (రికార్డులు ఒకదాని తర్వాత ఒకటి తానే వేసే ప్లేయర్ల) కోసం కొన్ని డబుల్ ఆల్బమ్‌లు ఒక రికార్డు మీద 1, 4 ముఖాలు, రెండోదాని మీద 2, 3 అచ్చేసేవారు. తిరగేసిందల్లా రెండో ముఖమే అనుకుని పేరు పెడితే ‘హైవే స్టార్’ ముఖం పక్కన ‘స్పేస్ ట్రకిన్’ వచ్చి కూర్చుంటుంది.