టేలర్ స్విఫ్ట్ ‘టిమ్ మెక్‌గ్రా’ ఒక్క గిటార్‌తో: ఎఫ్ కార్డ్, శ్రుతి, చివరి చరణం

ఆరోతీగ:
టేలర్ స్విఫ్ట్ మొదటి సింగిల్ ‘టిమ్ మెక్‌గ్రా’ (2006) ఒక్క అకూస్టిక్ గిటార్‌తో పాడాలండి. కార్డ్స్ (కలిపి మోగే స్వరాల పట్లు) సీ, ఏ మైనర్, ఎఫ్, జీ. ఎఫ్ బారె (ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కే పట్టు) పట్టినప్పుడల్లా తీగలు బజ్ అవుతున్నాయి. రెండో పల్లవి దాటాక పాటంతా ఒకేలా సాగుతోంది. నాది మగ గొంతు, శ్రుతి మార్చాలా?

కాపో_కుమార్:
మార్చండి. సీ శ్రుతిలో ఆవిడ ఎత్తులోనే పాడితే పల్లవిలో గొంతు బిగుసుకుంటుంది, ఒక స్థాయి దించితే చరణం మరీ అడుక్కి పోతుంది. జీ, ఈ మైనర్, సీ, డీ పట్టుకోండి. వరస అదే, బారె బెడద ఉండదు. కాపో (తీగలన్నిటినీ అడ్డంగా నొక్కి శ్రుతి పెంచే బిగింపు) లేకపోతే జీ శ్రుతి, రెండో ఫ్రెట్‌లో (గిటార్ మెడ మీది అడ్డ కమ్మీల మధ్య గడిలో) పెడితే ఏ శ్రుతి. ఐదో ఫ్రెట్‌లో పెడితే అసలు రికార్డు శ్రుతే వస్తుంది, కానీ ఒంటి గిటార్ అక్కడ పలచగా మోగుతుంది. పక్కన ఇంకో గిటార్ ఉంటేనే అది బాగుంటుంది.

సీ శ్రుతిలోనే ఉంటానంటే ఎఫ్ బదులు ఎఫ్ మేజర్ 7 వేయండి: నాలుగో తీగ మూడో ఫ్రెట్, మూడో తీగ రెండో ఫ్రెట్, రెండో తీగ ఒకటో ఫ్రెట్, ఒకటో తీగ ఖాళీ. ఈ పాట దిగులుకి అదే ఇంకా నప్పుతుందని నా అభిప్రాయం.

ఇంకో పరీక్ష. ఒకటో ఫ్రెట్‌లో కాపో పెట్టి, దాని పైన అదే బారె పట్టి చూడండి. బాగా తేలికైతే తప్పు మీ వేలిది కాదు, నట్ (మెడ చివర తీగలు ఆనే గాళ్ల పట్టీ) ఎత్తుగా ఉంది. షాపులో గాడి కాస్త అరగదీయిస్తే చాలు.

పల్లవి_చరణం:
పాట ఒకేలా అనిపించడానికి కారణం, మొదటి పల్లవికే బలమంతా పెట్టేయడం. ఇది ఉత్తరం చుట్టూ అల్లిన పాట. స్విఫ్ట్ స్కూల్లో ఉండగానే మొదలుపెట్టి, పాటల రచయిత్రి లిజ్ రోజ్‌తో కలిసి పూర్తి చేసింది. మొదటి చరణంలో జార్జియా వేసవి రాత్రి, షెవీ ట్రక్కు. రెండో చరణంలో సెప్టెంబర్ కన్నీళ్లు, మంచం కింద పెట్టెలో అతను చదవని ఉత్తరం. ఆ తర్వాత ఆమె అతని వీధికి తిరిగొచ్చి గుమ్మం ముందు ఉత్తరం వదులుతుంది. అక్కణ్నుంచి వచ్చే పల్లవే ఆ ఉత్తరంలోని మాట! ఇది వినేవాళ్లకు అందకపోతే పాట సగం పోయినట్టే.

అందుకని మొదటి చరణం వేళ్లతో మీటండి, బొటనవేలు బేస్ తీగ మీద: జీకి, ఈ మైనర్‌కి ఆరోది, సీకి ఐదోది, డీకి నాలుగోది. మొదటి పల్లవికి మెత్తటి పిక్‌తో (మీటే బిళ్లతో) కింద, కింద-పైన, పైన-కింద-పైన. రెండో పల్లవికి పూర్తి బలం. ఉత్తరం గుమ్మం చేరే చోట స్ట్రమ్ (తీగలన్నీ కలిపి మీటడం) ఆపేసి, కార్డ్‌కి ఒక్క దెబ్బ కొట్టి మోగనివ్వండి. చివర్లో మొదటి చరణంలోని మాటలే మళ్లీ వస్తాయి, అక్కడ మళ్లీ వేళ్లకి దిగండి.

వేగం నిమిషానికి 76 బీట్‌ల దగ్గర ఉంచండి. స్ట్రమ్ మొదలవగానే చెయ్యి పరుగెడుతుంది, మెట్రోనోమ్‌తో (లయ కొట్టే పరికరంతో) పల్లవిలోకి మారే చోటొక్కటే సాధన చేయండి.

మన సభల్లో చాలామందికి టిమ్ మెక్‌గ్రా ఎవరో తెలీదు. ఆమెకిష్టమైన కంట్రీ గాయకుడని, అతని పాట వింటే తను గుర్తురావాలని అడుగుతోందని ముందే ఒక్క మాట చెప్పండి.

ఆరోతీగ:
కాపో పెట్టగానే శ్రుతి తప్పుతోంది?

కాపో_కుమార్:
కాపో తీగల్ని నొక్కేస్తే స్వరం పైకి జరుగుతుంది. ఫ్రెట్ కమ్మీకి ఆనుకుని, దాని వెనకే తిన్నగా పెట్టండి. స్క్రూ కాపో అయితే బజ్ పోయేంతవరకే బిగించండి. ట్యూనింగ్ కాపో పెట్టాకే సరిచూసుకోండి, తీసేశాక మళ్లీ.