కారిడార్‌లో పార్టికల్ ఫిల్టర్ వెనకబడుతోంది

ప్రశ్న:
ప్రొఫెసర్ సెబాస్టియన్ థ్రన్, ఆయన సహచరులు 1999లో ప్రచురించిన మాంటె కార్లో లోకలైజేషన్‌ను (రోబో మ్యాప్‌లో ఎక్కడుందో పార్టికల్స్ అనే అంచనాల గుంపుతో కనిపెట్టే పార్టికల్ ఫిల్టర్ పద్ధతి) సొంతంగా కోడ్ చేసి రెండు చక్రాల రోబో మీద నడుపుతున్నాను. 2డి లైడార్ (లేజర్ బీమ్‌లతో చుట్టూ దూరాలు కొలిచే సెన్సర్), రేంజి 12 మీటర్లు. గదుల్లో ఇబ్బంది లేదు. 30 మీటర్ల కారిడార్ చివరికొచ్చేసరికి పార్టికల్స్ అన్నీ అసలు చోటుకు మీటరు వెనక గుంపుకడుతున్నాయి. జనం తిరిగే వేళ మరీ ఘోరం. పార్టికల్స్ 1000 నుంచి 10000 చేశాను, స్కాన్‌లోని 360 బీమ్‌లూ వాడుతున్నాను. ఎక్కడ చూడాలి?

జవాబు 1:
కారిడార్ మధ్యలో లైడార్‌కు కనిపించేది పక్క గోడలే. ఏ గోడకు ఎంత దూరమో తెలుస్తుంది గానీ, పొడవులో ఎంత దూరం వచ్చామో తెలియదు. అక్కడ ఆధారం చక్రాలు ఎంత తిరిగాయో లెక్కించే ఎన్‌కోడర్లే. నేలమీద టేపుతో 5 మీటర్లు కొలిచి గీతలు గీసి, రోబోను నిదానంగా తిన్నగా నడపండి. ఓడోమెట్రీ (చక్రాల తిరుగుడును బట్టి లెక్కగట్టిన దూరం) 4.85 చూపిస్తే కోడ్‌లోని చక్రం వ్యాసార్థాన్ని 1.031తో గుణించాలి. 3 శాతం తేడా 30 మీటర్లకు 90 సెంటీమీటర్లవుతుంది. మీ లక్షణం అచ్చం ఇదే.

మోషన్ నాయిస్ (ప్రతి కదలికలో పార్టికల్స్‌కు కలిపే యాదృచ్ఛిక తేడా) కూడా పెంచండి. కారిడార్ దాటేసరికి గుంపు పొడవునా మీటరైనా సాగాలి. లేకపోతే తలుపో మూలో కనబడే వేళకు అసలు చోట ఒక్క పార్టికల్ కూడా ఉండదు. లేనిదానికి లైడార్ వెయిట్ (స్కాన్‌కు ఎంత సరిపోయిందో చెప్పే మార్కు) ఎలా ఇస్తుంది? 10000 చేసినా ఫలితం లేనిది అందుకే.

జవాబు 2:
బీమ్‌లు 30 చాలు, స్కాన్ అంతటా సమదూరంలో ఏరుకోండి. పక్కపక్క బీమ్‌లు ఒకే గోడను ఒకే తప్పుతో చూస్తాయి. వాటిని స్వతంత్రమైనవిగా లెక్కగట్టి 360 సంభావ్యతలు గుణిస్తే, చిన్న తేడాకే వెయిట్ అంతా రెండు మూడు పార్టికల్స్‌కు పోతుంది. రోబో నిలబడి ఉన్నప్పుడు అప్‌డేట్, రీశాంప్లింగ్ (వెయిట్‌ను బట్టి పార్టికల్స్‌ను మళ్లీ ఏరడం) ఆపేయండి. రోబోల సాఫ్ట్‌వేర్ ఆర్‌ఓఎస్ 1లో ఇదే పద్ధతిని నడిపే ఏఎంసీఎల్ ప్యాకేజీ డిఫాల్ట్‌గా 20 సెంటీమీటర్లో 30 డిగ్రీలో కదిలితేనే అప్‌డేట్ చేస్తుంది.

జనం సంగతికొస్తే, మ్యాప్ ప్రకారం రావాల్సినదానికన్నా బాగా తక్కువ దూరం చూపే బీమ్‌లను వదిలేయండి. 1998లో స్మిత్సోనియన్ మ్యూజియంలో సందర్శకుల మధ్య తిరిగిన మినర్వా రోబోలో థ్రన్ బృందం ఇలాంటి వడపోతే పెట్టింది. పైకప్పును చూసే కెమెరా కూడా అమర్చింది, అక్కడ మనుషులు అడ్డురారు కాబట్టి.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. వ్యాసార్థం 2.6 శాతం తక్కువుంది, సరిచేశాను. రోబో దారి తప్పిపోయినప్పుడు మ్యాప్‌లో ఎక్కడపడితే అక్కడ ర్యాండమ్ పార్టికల్స్ కలపమంటారా?

జవాబు 2:
ఇప్పుడే వద్దు. ఒకే రకం కారిడార్లు రెండుంటే, పక్కదాంట్లో పడ్డ ర్యాండమ్ పార్టికల్ కూడా స్కాన్‌కు చక్కగా సరిపోయి గెలిచేస్తుంది. రోబోను ఎత్తి వేరేచోట పెట్టే అవసరముంటేనే కలపండి. అప్పుడు కూడా సగటు వెయిట్‌ను 0.001 గుణకంతో నెమ్మదిగా మారేలా ఒకటి, 0.1తో వేగంగా మారేలా ఒకటి వేర్వేరుగా స్మూత్ చేసి, వేగపుది నెమ్మదిదానికన్నా కిందికి పడిపోయినప్పుడు మాత్రమే.