కుక్కపిల్లను కొనాలా, రక్షించిన కుక్కను దత్తత తీసుకోవాలా?

ప్రశ్న: మేము హైదరాబాదులో ఫ్లాట్‌లో ఉంటున్నాము. పదేళ్ల మా అమ్మాయి లాబ్రడార్ పిల్లను కొనమంటోంది; నాకు మాత్రం వీధి నుంచి రక్షించిన దేశవాళీ కుక్కను తెచ్చుకోవాలని ఉంది. వయసొచ్చిన కుక్క మచ్చిక అవుతుందా?

సమాధానం: తప్పకుండా అవుతుందండీ, కాకపోతే ఓపిక కావాలి. మేము తెచ్చుకున్న మూడేళ్ల ఆడకుక్క నాలుగు రోజులు మంచం కింది నుంచి బయటికే రాలేదు. ఐదో రోజు రాత్రి అందరం పడుకున్నాక గిన్నెలోని పెరుగన్నం తినేసి, మా అమ్మ కాళ్ల దగ్గర ముడుచుకుని పడుకుంది. చీపురు చూస్తే ఇప్పటికీ వణుకుతుంది, అందుకే అది గదిలో ఉన్నప్పుడు మేము ఊడ్వము.

సమాధానం: అమల అక్కినేని 1992లో స్థాపించిన హైదరాబాదు బ్లూ క్రాస్ వంటి జంతు సంరక్షణ సంస్థలను సంప్రదించండి. పెరిగిన కుక్క అయితే దాని పరిమాణం, స్వభావం ముందే తెలుస్తాయి, ఫ్లాట్‌లో ఉండేవారికి అదే పెద్ద సౌకర్యమని నా అభిప్రాయం. వీధికుక్కకు చెవి కొన కత్తిరించి ఉంటే, పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేశారని గుర్తు. రేబిస్ టీకా వివరాలున్న కార్డు అడిగి తీసుకోండి.

సమాధానం: ఒకవేళ కొనాలనుకుంటే, 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని గుర్తుంచుకోండి, తల్లి కుక్కను చూపించనివారి దగ్గర దయచేసి కొనకండి.